దహనమా, ఖననమా అన్నది మతం పేరుతోనే తేలిపోదు
హిందువులు దహనం చేస్తారు, ముస్లింలు, క్రైస్తవులు పూడ్చిపెడతారు అని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగమే నిజం. హిందువుల్లోనే సన్యాసులను, పసిపిల్లలను ఖననం చేయడం ఉంది. లింగాయతులు మృతదేహాన్ని కూర్చోబెట్టి సమాధి చేస్తారు. కేథలిక్ చర్చి 1963లోనే దహనానికి ఒప్పుకుంది. కాకపోతే అస్థికలను ఇంట్లో పెట్టుకోకూడదని, గాలిలో, నీటిలో కలపకూడదని 2016లో స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి చాలామంది క్రైస్తవులకే తెలియదు. పార్సీల పరిస్థితి తలచుకుంటే నాకు మరీ బాధగా ఉంటుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, వాటి కళేబరాలు తిన్న రాబందులు దాదాపు కనుమరుగయ్యాయి, దాంతో దఖ్మాలో, అంటే పైకప్పు లేని గుండ్రటి కట్టడంలో, దేహాన్ని రాబందులకు వదిలే ఆచారమే చిక్కుల్లో పడింది. కొన్ని కుటుంబాలు దహనం వైపు మళ్లాయి. మా నాన్నగారు పోయినప్పుడు ఆయన ఏం కోరుకున్నారో మాలో ఎవరికీ తెలియదు. పెదనాన్న ఒకటన్నారు, అమ్మ ఇంకొకటంది. ఆ ఏడుపుల మధ్యే గంటసేపు వాదన జరిగింది. ఆయన బతికుండగా ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మకు ఆ టెన్షన్ తప్పేది. అందుకే నాకేం కావాలో పిల్లలకు ఇప్పుడే చెప్పి, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.