అంగారకుడి నుంచి కాస్మిక్ కిరణాలట, ఫోన్లు ఆపెయ్యాలట!

"ఈ రాత్రి 12:30 నుంచి 3:30 వరకు అంగారకుడి నుంచి కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి. ఫోన్లు ఆపేసి దూరంగా పెట్టండి. నాసా, బీబీసీ చెప్పాయి. అందరికీ పంపండి." ఈ వారంలో ఇది నాకు రావడం ఆరోసారి. పంపినవాళ్లలో ఇద్దరు ఇంజనీర్లు.

నాసా, బీబీసీ చెప్పాయా? చెప్పలేదు.

12:30 నుంచి 3:30 వరకేనా? కాదు. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి మహా వేగంగా వచ్చే సూక్ష్మ కణాలు. అవి పైన గాలిని గుద్దితే పుట్టే మ్యూయాన్లనే కణాలు మీ అరచేతిలోంచి సెకనుకు సుమారు ఒకటి చొప్పున ఇప్పుడూ దూసుకుపోతున్నాయి. ఫోన్ మొహమే చూడని మీ తాతగారి చేతిలోంచీ అలాగే పోయాయి.

ఇక ఇవి అంగారకుడి నుంచి వస్తాయా? 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ అనే శాస్త్రవేత్త బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి ఎక్కి, పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని, అంటే అది పైనుంచే వస్తోందని చూశాడు. ఆ రేడియేషనే ఈ కిరణాలు. అప్పటినుంచీ ఇవి పుట్టే చోటు కోసం వెతుకులాటే. వీటికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి దారిలోని అయస్కాంత క్షేత్రాలు మెలితిప్పేస్తాయి, వచ్చిన దిక్కు చూసి పుట్టిన ఊరు చెప్పలేం. అందుకే వీటితోపాటే పుట్టి, ఆవేశం లేక తిన్నగా వచ్చే గామా కిరణాలు (ఎక్కువ శక్తి ఉన్న కాంతి), న్యూట్రినోల (దేన్నైనా దాదాపు తగలకుండా దాటిపోయే కణాలు) వెంట పడ్డారు. 2013లో గామా కిరణాలను చూసే ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోప్ పరిశీలనల్లో, పేలిపోయిన రెండు నక్షత్రాల శిథిలాల్లో ప్రోటాన్లు వేగం పుంజుకుంటున్న ఆనవాళ్లు దొరికాయి. 2017 సెప్టెంబరు 22న అంటార్కిటికా మంచులో న్యూట్రినోలను పట్టే ఐస్‌క్యూబ్ పరికరానికి చిక్కిన ఒక న్యూట్రినో, ఎక్కడో దూరపు గెలాక్సీ నడుమ ఉన్న బ్లేజర్ (మనవైపు కణాల ధార చిమ్మే భారీ కృష్ణబిలం) వైపు చూపించింది. మన హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు బెలూన్లు ఎగరేసిందీ ఈ కిరణాల కోసమే. ఇంత చేసినా అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఉన్నవి ఎక్కడ పుడతాయో ఇంకా తేలలేదు. ఫార్వర్డ్ వీరులకు మాత్రం తేలిపోయింది! అంగారకుడికి భూమిలాంటి అయస్కాంత కవచం లేదు, గాలీ పలచన. రాళ్ల దెబ్బలు తింటున్నవాణ్ని పట్టుకుని రాళ్లేసింది వీడేనంటే ఎలా?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ కిరణాలు ఎలక్ట్రానిక్స్‌ను ఇబ్బంది పెట్టడం నిజమే. మెమరీ చిప్‌లో సున్నా కాస్తా ఒకటి అయిపోవచ్చు. విమానాలకు, ఉపగ్రహాలకు కంప్యూటర్లు చేసేవాళ్లు దీన్ని లెక్కలో పెట్టుకునే పనిచేస్తారు. కానీ ఆ ఇబ్బంది చిప్‌కి, పక్కన పడుకున్న మనిషికి కాదు.

అసలు నా కోపం "ఫోన్ ఆపెయ్యండి" అన్న ముక్క మీద. మా పెద్దమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది, బీపీ మనిషి. మొన్న రాత్రి ఫోన్ ఆపేసి, తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది. అమెరికాలో ఉన్న కొడుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. వాడు టెన్షన్‌తో నాకు చేస్తే, నేను పక్కింటివాళ్లను లేపి తలుపు కొట్టించాను. "నాసా వాళ్లు చెప్పారట కదరా" అంది. ఆ రాత్రి ఆవిడకు గుండెల్లో నొప్పి వస్తే 108కి చెయ్యడానికి ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే.

ఆవిడకు ఆ మెసేజ్ వచ్చింది మన బంధువుల గ్రూపులోనే. పెట్టినవాళ్లెవరో ఆవిడకు ఈరోజే ఫోన్ చేసి, అది అబద్ధమని మీ నోటితోనే చెప్పండి.