కాపురానికి తగిన వయసు, మాటకు చాలదా?

అమ్మాయి పెద్దమనిషి అయితే బంధువులందరినీ పిలిచి ఫంక్షన్ చేస్తాం. వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతాం. నెలసరి ఎందుకు వస్తుందో, దానికీ గర్భానికీ ఉన్న సంబంధం ఏమిటో మాత్రం ఆ పిల్లకు చెప్పం. "ఇక మగపిల్లలతో ఆడకు" అన్న మాటతో సరిపెడతాం. పంచెల ఫంక్షన్ చేయించుకున్న అబ్బాయికి ఆ మాటైనా ఉండదు.

చెబితే చెడిపోతారని భయం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆంధ్రలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. దేశ సగటు 6.8. శరీరం గురించి వినడానికి చిన్నదైన పిల్ల, కాపురానికి ఎలా పెద్దదైంది? ఇది అన్యాయం. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని ఎన్నో అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లోనే చెప్పింది.

అబ్బాయిల సంగతి ఇంకా ఘోరం. నిద్రలో వీర్యం పోతే జబ్బనుకుని, గోడల మీద 'బలహీనత' ప్రకటనలు చూసి కుమిలిపోతారు. మిగతాది ఫోన్‌లో వీడియోలు నేర్పుతాయి. "ఈ వయసులో అది మామూలేరా, నాకూ అయ్యేది" అని నాన్న ఒక్కసారి అంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో! అందుకు కూర్చోబెట్టి క్లాసు పీకక్కర్లేదు. బండి మీద వెళ్తూనో, వంటింట్లో పని చేసుకుంటూనో అంటే చాలు. ఎదురుగా మొహం చూడాల్సిన పని లేకపోతే ఇద్దరికీ సిగ్గు తగ్గుతుంది.

పిల్లలే ఏదైనా అడిగితే "ఇదెక్కడ విన్నావ్?" అని గద్దిస్తే ఇంకెప్పుడూ అడగరు. తెలియకపోతే "డాక్టర్‌ని అడుగుదాం" అనండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 9-14 ఏళ్ల మధ్య అమ్మాయిలకు వేయించే హెచ్‌పీవీ టీకా గురించి చెబుతూ కూడా మాట మొదలుపెట్టవచ్చు.

చట్టం సంగతీ ఇంట్లోనే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండని అమ్మాయి ఇష్టపడే వచ్చినా అబ్బాయిపై కేసు అవుతుంది. ప్రేమ పేరుతో ఇల్లు వదిలే ముందు ఇద్దరికీ ఇది తెలిసి ఉండాలి.

ఎవరో తాకారని బిడ్డ చెప్పినప్పుడు "నువ్వెందుకు వెళ్లావు?" అనే మాట మీ నోట రాకూడదు. ఆ మనిషి దగ్గరి బంధువైనా సరే, ముందు బిడ్డను నమ్మండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లడానికి జంకితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.