పెట్ సీటీ రిపోర్ట్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పెట్ సీటీ రిపోర్ట్ గారి సముఖమునకు,

క్యాన్సర్ గడ్డలు ఎక్కడున్నాయో, చికిత్సకు తగ్గాయో పెరిగాయో స్కాన్ చూసి చెప్పే తమరి దర్శనానికి నియమాలు గట్టివే. ముందురోజు నుంచే బరువు పనులు, వ్యాయామం బంద్. ఆరు గంటలపాటు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. షుగర్ 200 దాటితే చాలాచోట్ల ఇంకో రోజు రమ్మంటారు. ఇవన్నీ గట్టెక్కాక, రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను నరానికి ఎక్కించి, గంటసేపు కదలకుండా, మెదలకుండా పడుకోమంటారు. చక్కెరను ఎక్కువగా లాగే క్యాన్సర్ గడ్డలు బొమ్మలో వెలగాలనే ఇదంతా. కానీ ఆ గంటలో కబుర్లాడితే గొంతు కండరాలూ, ఏదైనా నమిలితే దవడలూ, గది చల్లగా ఉంటే మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వూ ఆ చక్కెరను లాగేసుకుని తమరి బొమ్మలో వెలుగుతాయి.

ఆ ఫ్లోరిన్‌కి తొందరెక్కువ, ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. తమరికి అలాంటి తొందరేం లేదు. మందు ఒంట్లోంచి పూర్తిగా పోయాక కూడా తమరి మీద సంతకం పడదు. పడేది సాధారణంగా శుక్రవారం సాయంత్రమే. అప్పుడు ఫోన్లోకి చల్లగా దిగుతారు. డాక్టరు గారేమో సోమవారం గానీ దొరకరు.

ఆలస్యానికి కొంత న్యాయమైన కారణం ఉందని ఒప్పుకుంటాం. పాత స్కాన్ పక్కన పెట్టుకుని ఒక్కో గడ్డనూ కొలిచి చూడటం గంటలో తెమిలే పని కాదు. పాతది వేరేచోట తీయించి ఉంటే దాని రిపోర్ట్ కాగితం సరిపోదు, బొమ్మలున్న సీడీ కావాలి. ఆ ముక్క ముందుగా చెప్పే నాథుడుండడు. తీరా చూస్తే ‘పోల్చడానికి పాత స్కాన్ లేదు’ అని తమరు చేతులు దులుపుకుంటారు. గడ్డ ఎంత చక్కెర లాగిందో చెప్పే ఎస్‌యూవీ అనే అంకె 4.2 నుంచి 4.9కి పెరిగిందని ఇంటిల్లిపాదీ అన్నం మానేస్తే, కిందటిసారి ఇంజెక్షనయ్యాక 60 నిమిషాలకు తీశారనీ, ఈసారి 90 నిమిషాలకు తీశారనీ, యంత్రం కూడా మారిందనీ వాళ్లకు చెప్పేదెవరు?

ఇక తమరి లెక్కలు. గడ్డలు చికిత్సకు లొంగాయా లేదా తేల్చడానికి రెసిస్ట్ 1.1 అని 2009 నాటి కొలమానం ఒకటి ఉంది. గరిష్ఠంగా ఐదు గడ్డలు, ఒక అవయవానికి రెండుకు మించకుండా ఎంచుకుని వాటి కొలతలు కూడుతారు. ఆ మొత్తం 30 శాతం తగ్గితే ‘పాక్షిక స్పందన’. 20 శాతం పెరిగి, ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లుంటే ‘ముదిరింది’. కొత్త గడ్డ కనబడితే అంకెలతో పనే లేదు, ముదిరినట్టే. మధ్యలో ఉన్నదంతా ‘స్టేబుల్’. మొత్తం 50 మిల్లీమీటర్ల నుంచి 35కి దిగితే స్పందించినట్టు, 36 దగ్గర ఆగితే స్టేబుల్. అదే గడ్డను ఇద్దరు డాక్టర్లు కొలిస్తే అంతకంటే పెద్ద తేడాయే రావచ్చు. పైగా తగ్గుదలను మొదటి స్కాన్‌తోనూ, పెరుగుదలను ఇప్పటిదాకా అతి తక్కువ వచ్చిన స్కాన్‌తోనూ పోలుస్తారు. కాబట్టి మొదటితో చూస్తే సగానికి తగ్గిన గడ్డ కూడా ‘ముదిరింది’ అనిపించుకోవచ్చు. ఇంత గణితం దాచుకుని పైకి ఒకే ఒక్క మాట పలుకుతారు, గోడ మీద పిల్లిలా.

తమరిని నమ్మించి మోసం చేసేవాళ్లు వేరే ఉన్నారు. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తీసుకున్న కొద్దిరోజులకే స్కాన్ తీస్తే ఎముకల మూలుగంతా దీపావళే. టీకా వేయించుకున్న వైపు చంకలో గ్రంథులు మెరుస్తాయి. రేడియేషన్ వాపు నెలల తరబడి వెలుగుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్ల పేగులదీ అదే తంతు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీలో గడ్డ తగ్గే ముందు కొందరిలో ఉబ్బినట్టు కనబడుతుంది, అందుకే 2017లో వేరే నిబంధనలు రాసి, 4 నుంచి 8 వారాలకు ఇంకోసారి చూసి నిర్ధారించమన్నారు. చివరి కీమో, రేడియేషన్ తేదీలూ, టీకా ఏ చేతికన్నదీ, బయాప్సీ ఎప్పుడన్నదీ రాయడానికి ఫారంలో రెండు గీతలు వదిలారు. అందులో ఒకదాని మీద ఫోన్ నంబరు రాయించుకుంటారు. మిగతాది పేషెంటు మార్జిన్‌లో ఇరికించక తప్పదు. ఇరికించడమే మంచిది కూడా.

కాబట్టి మా మనవి: అసలు సంగతి ఉండే ‘ఇంప్రెషన్’ను చివరి పేజీ అడుగున కాక మొదట్లోనే పెట్టండి. ‘క్లినికల్‌గా సరిచూసుకోగలరు’ అన్న వాక్యాన్ని, సరిచూసే మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే విప్పండి. ఆ మనిషి అపాయింట్‌మెంట్‌ను మాత్రం స్కాన్ తేదీ తీసుకున్న రోజే మేం తీసేసుకుంటాం, తమరి దయ మీద వదలం.

ఇట్లు,
చివరి పేజీ నుంచి చదివేవాళ్లు

తా.క. ఆపరేషన్‌లో ఎప్పుడో తీసేసిన గాల్‌బ్లాడర్ కూడా తమరి మూస వాక్యాల్లో అప్పుడప్పుడు ‘సాధారణంగా ఉంది’. సవరించిన రిపోర్ట్ ఇప్పించగలరు. ఈసారి శుక్రవారం వద్దు.