99 శాతం మాయం

క్లోరిన్ ఉన్న ద్రావకాల ఆవిరిని లోహ ఆక్సైడ్ పూతతో, కాంతి సాయంతో గాలిలోంచి మాయం చేసే విద్య పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. ఆ గౌరవానికి భంగం కలగకుండా ఉండాలంటే, యంత్రంలోంచి బయటికి వచ్చే గాలిలో ఇంకేముందో ఎవరూ వెతకకూడదన్న ఒకే ఒక్క నియమాన్ని పాటిస్తే చాలునని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

సూత్రం నిజంగానే అందమైనది. తెల్ల రంగుల్లో కలిపే టైటానియం డయాక్సైడ్, దాని అనటేస్ రూపంలో, సుమారు 388 నానోమీటర్ల లోపు తరంగదైర్ఘ్యం గల కాంతిని పీల్చుకున్నప్పుడు ఒక ఎలక్ట్రాన్ 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంతరాన్ని దాటి పైకి లేస్తుంది. కింద మిగిలిన ఖాళీ ఉపరితలం మీది నీటి నుంచి, ఎదురైన అణువు మీద పడి దాన్ని విరగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తే, పైకి లేచిన ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌ను ఆశ్రయిస్తుంది. 1972లో ఫుజిషిమా, హోండా ఇదే పదార్థంతో చేసిన ఎలక్ట్రోడు మీద కాంతితో నీటిని విడగొట్టి చూపినప్పటి నుంచి ఈ తెల్లపొడి మీద లోకానికి గురి కుదిరింది. ఎండలో దీనికి పనికివచ్చే అతినీలలోహిత భాగం 5 శాతం దగ్గరే ఆగిపోతుందన్నది చిల్లర విషయం, దీపాలు ఎందుకున్నాయి?

లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్‌ను క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2012లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అంతటి దుర్మార్గి ఈ పూత ముందు చూపే విధేయత ఆశ్చర్యకరం. విడివడిన క్లోరిన్ పరమాణువు తానే వెళ్లి పక్క అణువు మీద పడి గొలుసు చర్యను నడిపిస్తుంది కనుక, కాంతి చేయవలసిన పనిలో చాలా భాగాన్ని ద్రావకమే తన చేతులతో చేసిపెడుతుంది. గాలిలో ఏ పదార్థం ఎంతుందో గీసి చూపే క్రొమటోగ్రాఫ్ పరికరపు కాగితం మీద దాని శిఖరం కుంగిపోతుంది, 99 శాతం తొలగిందని నివేదిక వెలువడుతుంది.

ఇక్కడే ఆగడం మర్యాద. ఆగనివారికి మాత్రం అదే గాలిలో ద్రావకం సగం విరిగితే పుట్టే డైక్లోరోఎసిటైల్ క్లోరైడ్ కనిపిస్తుంది, దాని వెనకాలే ఫాస్జీన్ అనే విషవాయువు కనిపిస్తుంది. 1915 నుంచి యుద్ధభూమిలో సైనికుల ఊపిరితిత్తులను నింపిన ఫాస్జీనే ఇది. అయినా నివేదికలో అబద్ధం లేదు: పాత పేరుతో పిలిస్తే పలికేవాడు లేడు, పేరు మార్చుకున్న నేరస్థుడు ఊళ్లోనే ఉన్నాడని చెప్పడం కొలిచేవాడి బాధ్యత కాదు.

సరే, చర్య చివరిదాకా నడిచిందనే అనుకుందాం. ఆక్సిజన్, నీరు కలిసివచ్చి 131 గ్రాముల ట్రైక్లోరోఇథిలీన్‌ను పూర్తిగా దహిస్తే 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో పాటు 109 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ చేతికొస్తుంది. ఇంత ఆమ్లాన్ని ఉచితంగా ఇచ్చే యంత్రాన్ని తప్పుపట్టేవారు కృతఘ్నులు.

తేమ విషయంలో పూతకున్న పట్టింపు కూడా గమనించదగినది: నీటి ఆవిరి తక్కువైతే రాడికల్స్ పుట్టవని అలుగుతుంది, ఎక్కువైతే ద్రావకం కూర్చోవలసిన చోట్లన్నీ నీరే ఆక్రమించిందని అలుగుతుంది. పైగా క్లోరైడ్ ముక్కలు ఉపరితలాన్ని అంటిపెట్టుకుని క్రమంగా దాని చురుకును చంపుతాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను అసలు పరీక్షకే పిలవకండి. లాక్కోవడానికి హైడ్రోజన్ లేదు, దాడి చేయడానికి జంట బంధం లేదు, అది కదలదు.

బయటి గాలిని క్షారపు నీటితో కడిగితే ఆమ్లం, ఫాస్జీన్ రెండూ పట్టుబడతాయని చాదస్తులు కొందరు చెబుతారు. అది నిజమే, కానీ కడుగుడు తొట్టిని అమర్చడమంటే కడగవలసినదేదో ఉందని ఒప్పుకోవడమే కదా. రెండో కొలమాన పరికరం కావలసిందేనని మరీ పట్టుబడితే, దానిని యంత్రం లోపలికి వెళ్లే గాలి వైపే బిగించవలసిందిగా మనవి.