రిపేరు కౌంటర్ దగ్గర కనిపించే గిరాకీ

కంప్యూటర్లకు గిరాకీ పడిపోయిందనో, మళ్లీ పుంజుకుందనో మూడు నెలలకోసారి వార్తలొస్తుంటాయి. ఆ లెక్కలన్నీ కంపెనీల నుంచి మార్కెట్‌కు వెళ్లిన కొత్త మెషీన్లవి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదైనా కంప్యూటర్ షాపులో ఓ అరగంట నిలబడి చూడండి. ఆ లెక్కలకు అందని గిరాకీ రిపేరు కౌంటర్ దగ్గర కనిపిస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లకు మన దగ్గర సీజన్ ఉంది. ఇంజినీరింగ్ సీటు ఖాయమవగానే కావలి, కందుకూరు, ఆత్మకూరు వైపు నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆ సందడి తగ్గాక షాపును నిలబెట్టేవి ఎస్ఎస్‌డీలు (ఫైళ్లు దాచే, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కులు), ర్యామ్ (పని నడిచేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ), బ్యాటరీలు, చార్జర్లు, కీబోర్డులే. నెట్ సెంటర్ల వాళ్లకైతే ప్రింటర్ ఇంకు, వేలిముద్ర మెషీన్. ఆధార్ సంస్థ పాత ఎల్0 రకాన్ని పక్కనపెట్టి, భద్రత ఎక్కువున్న ఎల్1 రకాన్ని తప్పనిసరి చేయడంతో, పాతది బాగానే ఉన్నా కొత్తది కొనక తప్పలేదు.

2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. వెనక మూత విప్పి, గిర్రున తిరిగే హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ బిగిస్తే, ఆన్ కావడానికి నిమిషాలు తీసుకునేది సెకన్లలో లేచి కూర్చుంటుంది. ఇంకో ర్యామ్ ముక్క వేస్తే పిల్లవాడి డిగ్రీ అయ్యేదాకా ఢోకా ఉండదు. ఇది పిసినారితనం కాదు, రూపాయి విలువ తెలిసినవాళ్లు చేసే పని.

ఆ దారే ఇప్పుడు ఇరుకవుతోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్ల గడువు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి. అంతకన్నా పాతవి ఎంత బాగా నడుస్తున్నా లెక్కలోకి రావు. మరోపక్క మెమరీ చిప్‌లను ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోతుండటంతో ర్యామ్ ధరలు మండిపోయాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు 2025 డిసెంబరులో మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ ప్రకటించింది. డేటా సెంటర్ల పోటీ భారం చివరికి మన రిపేరు కౌంటర్ మీద పడింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం కొత్త మెషీన్ల తయారీ. పల్చటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. వేరే స్లాట్ లేకపోతే 8 జీబీతో కొన్నది చివరిదాకా 8 జీబీయే. అప్పుచేసి కొనే తండ్రికి బ్యాగు ఫ్రీ, మౌస్ ఫ్రీ అని చెబుతారే గానీ, ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ. ధర చీటీ మీద స్క్రీన్ సైజు వేసినట్టే, ర్యామ్ పెంచుకునే వీలుందా, ఖాళీ స్లాట్లెన్ని అన్నదీ రాయాలి. రాయని చోట, డబ్బు కట్టకముందే షాపువాళ్లను అడిగి బిల్లు మీద రాయించుకోండి.