యాభై డాలర్ల క్రూజ్ కంట్రోల్, బ్రేకు తీగ అక్కర్లేదట!

"పాత జీపు ఉందా? జంక్‌యార్డ్‌కి (పాత బండ్లని విడదీసి సామాను అమ్మే చోటికి) వెళ్ళి ఏ బండిలోంచైనా క్రూజ్ కంట్రోల్ (కాలు తీసేసినా బండిని ఒకే స్పీడులో నడిపే ఏర్పాటు) సామాను పీక్కొచ్చుకోండి. యాభై డాలర్లు, ఒక గంట, అంతే!" ఈ మెసేజ్ మా డాలస్ గ్రూపులో ఒకటికి పదిసార్లు తిరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో పాత మహీంద్రా నడిపే మా బావ దగ్గర్నుంచి మళ్ళీ నాకే వచ్చింది. కింద మూడు దండాల బొమ్మలు కూడా. నా దగ్గర పాత జీప్ చెరొకీ ఉందని తెలిసిన ప్రతివాళ్ళూ "నీకు పనికొస్తుందేమో చూడు" అనడమే. సరే, చూశాను.

ముందు చిల్లర సంగతులు. మెసేజ్‌లో అన్నట్టు క్రూజ్ కంట్రోల్‌ని నాసా కనిపెట్టలేదు. చిన్నప్పుడే చూపు పోయిన ఇండియానా ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కి 1950లోనే పేటెంటు వచ్చింది. నాసా పుట్టింది 1958లో. అందులోనే అన్నట్టు మైలేజీ 30 శాతం పెరుగుతుందా? నాలుగు లీటర్ల ఇంజను, డబ్బాలాంటి బాడీ. చదును హైవే మీద కాస్త మిగిలితే సంతోషించండి. "రాళ్ళదారిలో కాలికి విశ్రాంతి" అట. గంటకి సుమారు 35 మైళ్ళ లోపు ఈ సిస్టం అసలు పట్టుకోనే పట్టుకోదు. రాళ్ళదారిలో అంతకంటే జోరుగా పోయేవాడికి కావలసింది క్రూజ్ కాదు, ఇంట్లో చెప్పేవాళ్ళు.

"ఏ బండి సామానైనా పరవాలేదు" అన్నదానికి మాత్రం ఒక్క ఉదాహరణ. ఫోర్డ్ పాత ట్రక్కుల్లో క్రూజ్‌ని ఆపే స్విచ్చి ఒకటి బ్రేకు మాస్టర్ సిలిండర్‌కే (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని నెట్టే భాగానికే) బిగించి ఉండేది. తాళం తీసేసినా దానికి కరెంటు వస్తూనే ఉంటుంది. లోపలి పొర చిరిగి బ్రేకు ఆయిల్ కారితే, ఇంటిముందు ఆపిన బండి కూడా అంటుకునేది. 1999 నుంచి 2009 దాకా విడతలవారీగా కోటి నలభై లక్షల పైచిలుకు బండ్లని వెనక్కి పిలిచారు. జంక్‌యార్డ్‌లో ఆ స్విచ్చి మీద "నన్ను ముట్టుకోకు" అని చీటీ ఏమీ అంటించి ఉండదు.

ఇక అసలు ఘోరం. "బ్రేకు స్విచ్చి దగ్గర గందరగోళంగా ఉంటే ఆ తీగలు వదిలేసి, సర్వోకి నేరుగా కరెంటు ఇచ్చేయండి. డ్యాష్‌బోర్డ్ మీద ఆన్-ఆఫ్ స్విచ్చి పెట్టుకుంటే చాలు."

సర్వో అంటే క్రూజ్ తరఫున యాక్సిలరేటర్ లాగే డబ్బా. ఇది రాసినవాడు దాని మూత ఎప్పుడైనా తీశాడా? లోపల రబ్బరు డయాఫ్రం, అంటే పలచటి పొర, ఉంటుంది. ఇంజను గాలి పీల్చడంవల్ల పుట్టే వాక్యూమ్ దాన్ని లాగితే అది కేబుల్‌ని లాగుతుంది, ఇంజనులోకి గాలి వదిలే తలుపు, అంటే త్రాటిల్, తెరుచుకుంటుంది. పక్కనే డంప్ వాల్వ్ ఒకటుంది. కరెంటు ఉన్నంతసేపే అది మూసుకుంటుంది, ఆ కరెంటు వచ్చేదే బ్రేకు స్విచ్చి గుండా. పెడల్ మీద కాలు పడగానే కరెంటు పోతుంది, వాల్వ్ తెరుచుకుని గాలి లోపలికి దూరుతుంది, స్ప్రింగు త్రాటిల్‌ని మూసేస్తుంది. క్రూజ్ నడిపే ఇంజను కంప్యూటర్‌కి మతి పోయినా ఈ దారి మాత్రం పనిచేస్తుంది.

ఆ తీగ తప్పించారనుకోండి. హైవే మీద ముందు ట్రక్కు ఆగింది, మీరు బ్రేకు తొక్కారు, స్పీడు తగ్గింది. కంప్యూటర్‌కి బ్రేకు సంగతి తెలీదు కాబట్టి, బండి ఎత్తు ఎక్కుతోందనుకుని త్రాటిల్ ఇంకా తెరుస్తుంది. త్రాటిల్ తెరుచుకుంటే మానిఫోల్డ్‌లో, అంటే ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టాల్లో, వాక్యూమ్ పడిపోతుంది. మన తొక్కుడుకి బలం చేర్చే బ్రేకు బూస్టర్‌లో దాచుకున్న వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే అయిపోయి, ఆ తర్వాత పెడల్ బిగుసుకుపోతుంది. కాసేపటికి కంప్యూటరే విసుగొచ్చి వదిలేసినా, కొంప మునిగేది ఆ మధ్య సెకన్లలోనే. అప్పుడు మహానుభావుడు చెప్పిన ఆన్-ఆఫ్ స్విచ్చి వెతుక్కోవాలట. ఏ చేత్తోనో మెసేజ్‌లో రాయలేదు, దండాలు పెట్టడానికి రెండు చేతులూ కావాలి మరి!

"వాక్యూమ్ కోసం బ్రేకు బూస్టర్ గొట్టానికి టీ జాయింటు పెట్టండి" అన్నది కూడా ఈ కోవలోదే. బావా, ఇది ప్రత్యేకంగా నీకు. నీది డీజిల్. దాని మానిఫోల్డ్‌లో లాక్కోవడానికి వాక్యూమే ఉండదు. బ్రేకుల కోసమని పెట్టిన పంపే దిక్కు. పాత సర్వోలో రబ్బరు చిట్లితే కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. నువ్వు దీని జోలికి పోకు, అక్కయ్యకి ఫోన్ చేసి చెప్తాను.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. 1997-2001 చెరొకీల్లో చాలావాటికి క్రూజ్ లేకపోయినా సర్వో ప్లగ్గు బానెట్ కింద ఊరికే వేలాడుతూ ఉంటుంది, కంప్యూటర్‌లో ఆ బుర్ర కూడా ముందే ఉంటుంది. అదే మోడల్ నుంచి సర్వో, కేబుల్, బ్రాకెట్, స్టీరింగ్ బటన్లు, బంపర్ చివర దాక్కున్న వాక్యూమ్ డబ్బా తెచ్చుకుంటే తీగ కత్తిరించే పనే లేదు. యాభై డాలర్లన్నది కూడా మరీ అబద్ధం కాదు. కొత్త కిట్ కంటే నేను ఈ పాత సామానుకే ఓటేస్తాను. గంటలో మాత్రం అవదు. బటన్లు పెట్టాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. అంతకుముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి కనీసం రెండు నిమిషాలు ఆగాలి.

సర్వో ప్లగ్గు తప్ప అంతా బిగించాక, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, క్రూజ్ బటన్ నొక్కి, సర్వో ప్లగ్గులో కరెంటు తీగ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు చూపిస్తుంది. ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి, సున్నాకి పడాలి. పడకపోతే ఆ ప్లగ్గు సర్వోకి తగిలించొద్దు.