నల్ల టేపు సిద్ధాంతం

నా కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో ఒక పసుపు లైటు వెలగడం మొదలై రెండేళ్లు దాటింది. మొదటి వారం భయపడ్డాను. రెండో వారం బాధపడ్డాను. మూడో వారానికి అలవాటు పడ్డాను. ఈ అనుభవం ఇచ్చిన అధికారంతో, పాత కార్ల యజమానులందరి తరఫున, హెచ్చరిక లైట్ల విషయంలో ఒక స్పష్టమైన విధానాన్ని ప్రతిపాదిస్తున్నాను. దాని పేరు నల్ల టేపు. ఖర్చు తక్కువ, ఫలితం తక్షణం, పైగా సర్వీసింగుకు అపాయింట్‌మెంట్ అక్కర్లేదు.

విమర్శకులు వెంటనే లేచి 'ఆ లైటు ఊరికే వెలుగుతుందా' అంటారు. ఊరికే వెలగదని మాకూ తెలుసు. అసలు ఆ బొమ్మలు ఎవరో పొద్దుపోక గీసినవి కావు. ఐఎస్ఓ 2575 అని వాటికో అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. ఎరుపు వెలిగితే ప్రమాదం, బండి ఆపాలి. పసుపు వెలిగితే త్వరలో చూపించుకోవాలి. ఆకుపచ్చ, నీలం అయితే ఏదో ఒకటి పనిచేస్తోందని అర్థం. (పాత కారులో ఇది నిజంగా శుభవార్తే.) ఈ రంగుల రాజ్యాంగంలో 'త్వరలో' అంటే ఎన్నాళ్లో ఎక్కడా రాయలేదు. ఆ లొసుగు మీదే మా ఉద్యమం నిలబడి ఉంది.

టైరు గాలి లైటునే తీసుకోండి. అడుగున పళ్లున్న గిన్నెలో ఆశ్చర్యార్థకం పెట్టినట్టుంటుంది ఆ బొమ్మ. అది టైరు అని తెలుసుకోవడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది. అమెరికా నిబంధన ప్రకారం, ఉండాల్సిన గాలిలో 25 శాతం తగ్గేసరికి ఆ లైటు వెలగాలి. అంటే 20 శాతం తగ్గినా నోరు మూసుకుని ఉండే హక్కు దానికుంది. యంత్రానికే లేని తొందర మనిషికెందుకు?

ఇక అసలు కథానాయకుడు చెక్ ఇంజిన్ లైటు. 'ఇంజిన్ చూడు' అంటుందే గానీ ఇంజిన్లో ఏం చూడాలో చెప్పదు. బానెట్ ఎత్తి చూశాను. ఇంజిన్ ఉంది. దించేశాను. సమస్య నా స్థాయిలో పరిష్కారమైపోయిందనుకున్నాను గానీ లైటు ఒప్పుకోలేదు.

అప్పుడు స్కానర్ కొన్నాను. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన ప్రతి కారులోనూ ఓబీడీ-2 అనే, కారు తన లోపాలను తానే కనిపెట్టి రాసుకునే పద్ధతి తప్పనిసరి చేశారు, తర్వాత చాలా దేశాలు ఆ దారే పట్టాయి. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కారు తన బాధను ఒక అక్షరం, నాలుగు గుర్తులతో చెప్పుకుంటుంది. మొదటిసారి నాకొచ్చింది పీ0455. ఆరా తీస్తే, పెట్రోలు ఆవిరి ఎక్కడో బాగా లీకవుతోందని అర్థమట. వెళ్లి చూస్తే ట్యాంకు మూత వదులుగా ఉంది. టిక్ టిక్‌మనేదాకా బిగించి, కోడు చెరిపేశాను. లైటు ఆరిపోయింది, ఆ కోడు మళ్లీ రాలేదు.

ఆ ఒక్క విజయం నన్ను చెడగొట్టింది. మూత తిప్పినవాడు మెకానిక్కయిపోయాడు. పక్కింటివాళ్ల కార్లకు కూడా ఉచితంగా సలహాలు చెప్పడం మొదలుపెట్టాను.

నెల తిరక్కుండా పీ0420 వచ్చింది. సైలెన్సర్ కంటే ముందు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని దాని తాత్పర్యం. దానికి మూత లేదు. ఉన్నది స్కానర్‌లో 'ఎరేజ్' బటన్ మాత్రమే, నొక్కాను. లైటు ఆరింది! నాలుగు రోజులు నేనంత ప్రశాంతంగా ఎప్పుడూ బండి నడపలేదు. అయిదో రోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, ఎవరో భుజం తట్టినట్టు అది మళ్లీ వెలిగింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఎరేజ్ నొక్కినప్పుడు జబ్బు పోదు, కంప్యూటర్ రాసుకున్న రిపోర్టు పోతుంది. పాపం అది మళ్లీ మొదటి నుంచి పరీక్షలన్నీ పెట్టుకుంటుంది. ఇంజిన్ చల్లగా మొదలవ్వాలి, కొంత దూరం ఒకే వేగంతో వెళ్లాలి, కొన్ని పరీక్షలకైతే ట్యాంకు మరీ నిండుగానూ ఉండకూడదు, మరీ ఖాళీగానూ ఉండకూడదు. అన్నీ కుదిరాక 'ఇందాక చెప్పిందే మళ్లీ చెబుతున్నాను' అని లైటు వేస్తుంది. నేను ప్రశాంతత అనుకున్నది నిజానికి పరీక్షా ఫలితాలు రాకముందు ఉండే సెలవులు.

ఇక తప్పక గ్యారేజీకి వెళ్లాను. కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయని, అందుకే దానికి ఆ ధర అని మెకానిక్ చెప్పాడు. నేను జీవితంలో ఎవరికీ కొనిపెట్టని లోహాలు నా కారు కడుపు కింద బురద తింటూ వేలాడుతున్నాయన్నమాట. దాన్ని మార్చే ధైర్యం లేక, ముందు ఆక్సిజన్ సెన్సర్ మార్చి చూద్దామన్నాను. కోడు అనేది ఫిర్యాదు లాంటిది, తీర్పు కాదని అతను చెప్పబోయాడు. నేను విన్లేదు. తప్పు కన్వర్టర్‌ది కాక దాని మీద చాడీలు చెప్పే సెన్సర్‌దే అయి ఉండాలని నా ప్రగాఢ విశ్వాసం. పాత సెన్సర్ తుప్పు పట్టి, ఊడనంటే ఊడనని మొరాయించింది. దాన్ని విప్పిన లేబర్ ఖర్చు సెన్సర్ ధరను దాటింది. లైటు మాత్రం యథాతథం. చేతి చమురు వదలడం అంటే ఏమిటో ఆ రోజు అక్షరాలా అర్థమైంది, ఆ చమురు కూడా బిల్లులో వేరే లైనుగా ఉంది.

ఇక్కడ రిపేరు శాస్త్రంలో అత్యంత ఖరీదైన వాక్యాన్ని పాఠకులకు పరిచయం చేయాలి. అది "ఎలాగూ విప్పాం కదా సార్". టైమింగ్ బెల్టు మార్చమని బండి ఇచ్చాను. మధ్యాహ్నానికి ఫోనొచ్చింది.

"సార్, బెల్టు తీసేశాం. వాటర్ పంపు దగ్గర కూలెంట్ మరక కనబడుతోంది. ఎలాగూ విప్పాం కదా, అది కూడా వేసేస్తే పోతుంది."

"వేయకపోతే?"

"వేయకపోయినా పర్లేదు సార్. ఆర్నెల్లలో పంపు పోతే మళ్లీ ఇదంతా విప్పాలి. ఇదే లేబర్ మళ్లీ పడుతుంది."

ఇందులో బాధేమిటంటే అతను చెప్పింది అక్షరసత్యం. బెల్టు వెనక ఉన్న పంపును ఆ బెల్టుతోపాటే మార్చడం మంచి పద్ధతి అని ఏ పుస్తకం తిరగేసినా ఉంటుంది. మోసం చేసేవాడితో పోట్లాడొచ్చు, నిజం చెప్పేవాడిని ఏం చేస్తాం? సరే అన్నాను. సాయంత్రానికి ఎలాగూ విప్పిన దారిలోనే టెన్షనర్, పుల్లీ, రెండు ఆయిల్ సీళ్లు, ఒక హోసు కూడా చేరాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు చీకటి పడింది, లేకపోతే ఎలాగూ విప్పాం కదా అని నన్ను కూడా మార్చేసేవాళ్లు.

ఈ బిల్లులన్నీ కలిపితే తడిసి మోపెడైంది. అయితే పాత కారు యజమాని లెక్కలు మామూలు అంకగణితానికి అందవు. టైర్లు మొన్ననే వేయించాను కాబట్టి ఇప్పుడు అమ్మితే నష్టం. టైర్లు అరిగేలోపు బ్యాటరీ మార్చాను కాబట్టి బ్యాటరీ పాతబడేదాకా ఆగాలి. అది పాతబడే సమయానికి క్లచ్ కొత్తగా ఉంటుంది. ఏదో ఒక భాగం ఎప్పుడూ కొత్తగానే ఉండటం వల్ల నా కారు చట్టప్రకారం ఎప్పటికీ పాతది కాదు. పోయిన డబ్బు ఎలాగూ పోయింది, ఇక ముందు ఎంత పెట్టాలన్నదే లెక్క అని ఆర్థికశాస్త్రం చదివిన మా తమ్ముడు చెప్పాడు. వాడికి కారు లేదు.

ఇంతకీ టేపు సంగతి. గోళ్లు కత్తిరించే చిన్న కత్తెరతో సరిగ్గా ఇంజిన్ బొమ్మంత ముక్క కత్తిరించి, మీటర్ల ముందుండే పారదర్శకమైన ప్లాస్టిక్ మీద అతికించాను. డ్రైవర్ సీటులోంచి చూస్తే లైటు మాయం. గర్వంగా మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాను.

"ఏవండీ, లైటు వెలుగుతూనే ఉందిగా?"

ఉంది మరి. టేపు పైనున్న ప్లాస్టిక్ మీద, బల్బు రెండు మూడు అంగుళాల లోపల. నా కళ్లకు ఎదురుగా అడ్డమొచ్చేది, పక్క సీటులోంచి ఏటవాలుగా చూస్తే అడ్డం రాదు. "మీ వైపు బాగైందేమో గానీ, నా వైపు ఇంకా రిపేరు కాలేదు" అందామె. అందుకని మా విధానంలో మొదటి సవరణ ఇది: టేపు వేసిన కారులో డ్రైవర్ ఒక్కడే ప్రయాణించాలి.

రెండో సవరణ కొంచెం సిగ్గుతో చేస్తున్నాను. ఎర్ర లైట్లకు టేపు వర్తించదు. ఒక సాయంత్రం మలుపు తిరిగినప్పుడల్లా నూనె కూజా బొమ్మ ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. కన్ను కొడుతోందనుకున్నాను. మూడో మలుపులో మరీ ఎక్కువసేపు కొట్టడంతో బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ లాగాను. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి లాగితే చిట్టచివర ఒక చుక్క, తారులా నల్లగా. నూనె కూజా లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. మలుపులో ఉన్న కాస్త ఆయిలూ ఒక పక్కకు జరిగితే పంపు గాలి పీలుస్తుంది. అలాగే ఇంకొన్ని నిమిషాలు నడిపి ఉంటే బేరింగులు అరిగి, ఇంజిన్ పట్టేసి, ఈ వ్యాసానికి బదులు బస్సు ప్రయాణాల మీద రాసేవాణ్ణి. ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు కూడా ఇదే కోవ. పసుపులోనూ ఒక మినహాయింపు ఉంది: చెక్ ఇంజిన్ లైటు నిలకడగా కాక టపటపా కొట్టుకుంటే మిస్ ఫైర్ అవుతోందని అర్థం. కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది, ఇందాక చెప్పిన ప్లాటినం, పల్లాడియం పూసిన లోపలి పింగాణీ జల్లెడ కరిగి ముద్దయిపోవచ్చు. ఈ లైట్లను ఇంగ్లీషువాళ్లు ముద్దుగా ఇడియట్ లైట్స్ అంటారు. ఆ ఇడియట్ ఎవరో వాళ్లు విడమరచి చెప్పలేదు, నేనూ అడగదలుచుకోలేదు.

చివరికి మొన్న అమ్మకానికి పెట్టాను. (టైర్లు అరిగాయి, బ్యాటరీ పాతబడింది, క్లచ్ మీద ఆశ వదులుకున్నాను.) ఒకాయన చూడ్డానికి వచ్చారు. పెద్దమనిషి, మితభాషి. రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. నేరుగా డ్రైవర్ సీటులో కూర్చుని తాళం సగం తిప్పారు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందు లైట్లన్నీ కొద్ది క్షణాలు వెలిగి చూపిస్తాయి కదా, బల్బులు బాగానే ఉన్నాయని. ఆయన వేలు చాపి ఒక్కొక్కటే లెక్కపెట్టారు. నూనె కూజా, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్, బ్రేకు... వేలు నా టేపు ముందు ఆగింది.

"ఇది వెలగలేదేంటండీ?"

వెలిగే లైటును దాచడం మీదే దృష్టి పెట్టాను గానీ, వెలగాల్సినప్పుడు వెలక్కపోతే దొరికిపోతానని ఈ సిద్ధాంతకర్తకు తట్టలేదు. బల్బు పోయిందేమో అన్నాను. ఆయన గోటితో టేపు అంచు లేపారు. మళ్లీ జాగ్రత్తగా అతికించారు.

"ఆలోచించి చెబుతానండీ" అని లేచి తన కారు ఎక్కారు. అది నాదానికంటే పెద్దది, వయసులో కూడా. స్టార్ట్ చేశారు. కనీసం ధర దగ్గరైనా ఒక మాట అడుగుదామని పక్క సీటు వైపు వెళ్లి, కిటికీలోంచి లోపలికి వంగాను. మీటర్ల దగ్గర, ప్లాస్టిక్ రంగులో పూర్తిగా కలిసిపోయిన ఒక చిన్న బూడిదరంగు ముక్క, అంచులు గుండ్రంగా కత్తిరించి ఉంది. దాని పక్కనుంచి, ఏటవాలుగా, నాకు బాగా తెలిసిన పసుపు.

"బూడిదరంగు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగాను.